నడిమి కంటికి బొట్టు

నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు సైన్స్ ఎగ్జిబిషన్‌కి ముఖ్య అతిథిగా రమ్మంటే పోయిన నెల వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. ఎలక్ట్రానిక్స్ పనిలో తల నెరిసిన ఆడమనిషిని, పైగా ఈ చుట్టుపక్కల ఊళ్ళో పుట్టినదాన్ని కాబట్టి నన్ను చూస్తే పిల్లలకు స్ఫూర్తి కలుగుతుందట. స్ఫూర్తిని ఈమధ్య శాలువాతో కలిపి ఇస్తున్నారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ, అందులో స్కూలు కరస్పాండెంటు, ఆయన పక్కన చేతులు జోడించిన ఒక నాయకుడు, అడుగున ఎక్కడో తపాలా బిళ్ళంత నా ఫొటో. లోపల వరసగా బల్లలు, బల్లల మీద కొనుక్కొచ్చిన కిట్లు, వాటి వెనక ఇంగ్లీషు బట్టీపట్టిన పిల్లలు. "గుడ్ మార్నింగ్ మేడమ్, అవర్ ప్రాజెక్ట్ నేమ్ ఈజ్" అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పడం, మధ్యలో నేనేదన్నా అడిగితే బెదిరిపోయి మళ్ళీ గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టడం. వాళ్ళను అనడానికేముంది, చిలకకు జామకాయ ఇచ్చేవాళ్ళను అనాలి గానీ.

హాలు చివర వేదిక పక్కన లేజర్ తుపాకీతో గురి చూసి కొట్టే ఆట పెట్టారు. నున్నటి ప్లాస్టిక్ బోర్డు, దాని మీద గుండ్రటి గీతలు, నడిమధ్యన దీపం, పైన అంకెలు చూపించే డబ్బా. ఫ్లెక్సీలోని నాయకుడే వచ్చి ప్రారంభించాడు. ఆయన తుపాకీ పట్టుకున్న తీరు చూస్తే గురి బోర్డు మీదకన్నా మైకు స్టాండు మీద ఉన్నట్టుంది. అయినా మీట నొక్కగానే నడిమి దీపం వెలిగింది, బజర్ మోగింది, హాలంతా చప్పట్లు. నాకు చప్పట్లకన్నా బోర్డు పైమూల ముందు కనపడింది. అక్కడ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టును మూలకు జరిపారంటే ఎవరో ఒకసారి దెబ్బ తిన్నారన్నమాట అనుకున్నాను. ఆ దెబ్బ మొదట తిన్నది నేనే.

మాది నాదెండ్ల దగ్గర ఒక ఊరు. ఉమ్మడి కుటుంబం, దానికి పెద్ద మా నాన్న అన్నగారు. మా పెదనాన్న ఊరికి ప్రెసిడెంటుగా చేసి దిగిపోయినా ఆ సంగతి ఆయనకూ తెలియదు, తెలియనివ్వని వాళ్ళు చుట్టూ ఉండేవాళ్ళు. తెల్లారగానే వేపపుల్ల, ఆ తర్వాత అరుగు మీద పడక్కుర్చీ, చుట్ట, కంచు గ్లాసులో కాఫీ. ఎండ అరుగు మీదకు ఎక్కేలోపు నలుగురైదుగురు వచ్చి చేరేవాళ్ళు. వాళ్ళకు కాఫీలు పెట్టీ పెట్టీ పెద్దమ్మ చేతులకు ఎప్పుడూ డికాషన్ వాసన. ఇంట్లో దాంతోపాటు చుట్ట కంపు, కొట్టంలో పత్తికి కొట్టే మందు డబ్బాల ఘాటు, వీటన్నిటి మీదా తుపాకీ నూనె వాసన. పెదనాన్నకు లైసెన్సు తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రావాలి. ఆ రోజుల్లో ఆయన ఇంట్లో తిరుగుతుంటే చెయ్యి తీసి ఎవరికో అప్పిచ్చి వచ్చిన మనిషిలా ఉండేవాడు. ఎప్పుడో చేలో పడ్డ అడవిపందిని చీకట్లో చప్పుడును బట్టి ఒకే దెబ్బకు పడగొట్టాడని కథ. ఆ పంది చచ్చిన తర్వాత కూడా ఏటేటా బరువు పెరుగుతూ వచ్చింది.

దాని బరువు పెంచే పని ముఖ్యంగా అంకమ్మరావుది. వరసకు బాబాయి అని పిలిచేవాళ్ళం గానీ చుట్టరికమేమీ లేదు. పెదనాన్న దున్నపోతు ఈనిందంటే, దూడను కట్టేసే వస్తున్నానయ్యా అనే రకం. ఇక మా నాన్న సంగతి చెప్పాలంటే, అన్నగారి మాటకు తలూపడం తప్ప ఆయన మెడకు ఇంకో పని ఉన్నట్టు నేను చూడలేదు. ఇంట్లో ఏ విషయమైనా, బర్రెను కొనడం నుంచి ఆడపిల్ల చదువు దాకా, అరుగు మీద తేలాల్సిందే. నన్ను ఇంజనీరింగులో చేర్పించడం కూడా అక్కడే తేలింది. అవతలి పార్టీ వాళ్ళమ్మాయి చేరింది కాబట్టి మనమ్మాయీ చేరాలి. అంతకుమించిన కారణం ఏదీ నాకు వినపడలేదు.

కాలేజీ నరసరావుపేట దగ్గరే, రోజూ బస్సు. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. మైక్రోకంట్రోలర్ ల్యాబ్ అంటే ఒక గది, అందులో ఒక బీరువా, బీరువాకు తాళం. చిప్పులోకి ప్రోగ్రామ్ ఎక్కించే కిట్టు ఆ బీరువాలో ఎర్రగుడ్డ కప్పుకుని అమ్మవారిలా ఉండేది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రం దర్శనం. చివరి సంవత్సరం ప్రాజెక్టు అంటే మా క్లాసు వాళ్ళంతా గుంపుగా హైదరాబాద్ వెళ్ళి, అమీర్‌పేటలో తయారుగా ఉన్నవి కొనుక్కొచ్చి, పైన పేర్లు అతికించుకున్నారు. లోపల ఏముందో విప్పి చూసినవాడు ఒక్కడు లేడు. విప్పితే పాడవుతుందని భయం. వాళ్ళే తర్వాత లెక్చరర్లయి ఇంకొందరికి ప్రాజెక్టులు చేయించారు. ఆ స్కూల్లో బల్లల మీద కిట్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు వేరే చెప్పక్కర్లేదు.

నేను సొంతంగా చేద్దామనుకున్నది గురి ఆట. దానికి కారణం కోటప్పకొండ తిరునాళ్ళు. చిన్నప్పుడు ఏటా అక్కడ బెలూన్లు కొట్టే కొట్టు ముందు నిలబడేదాన్ని. మా ఇంటి మగపిల్లలు వరసగా కొట్టేవాళ్ళు. నేను చెయ్యి చాపితే, "ఆడపిల్లకు తుపాకీ ఏందమ్మా, పోయి గాజులు కొనుక్కో" అని పెదనాన్న నవ్వేవాడు, ఆయన నవ్వాడు కాబట్టి అంకమ్మరావు ఇంకా గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు నా కడుపులో అట్లాగే ఉండిపోయింది. అందుకని తిరునాళ్ళలోనే దొరికే తాళంచెవుల లేజర్ లైటు కొన్నాను. మా ఊరి వడ్రంగి చేత చెక్క తుపాకీ చేయించి, దాని గొట్టంలో లేజర్ బిగించి, కాలింగ్ బెల్ బటన్‌ను మీటగా పెట్టాను. చెక్క బోర్డు మీద వెలుతురు పడితే కనిపెట్టే కళ్ళు అయిదు, ఒక్కొక్కటి పెసరగింజంత. బయటి వెలుతురుకు అవి మోసపోకుండా ఒక్కో కన్నునూ అయిపోయిన స్కెచ్ పెన్ను గొట్టంలో లోపలికి దించాను. వాటి వైర్లన్నీ వెళ్ళి జెర్రిలా బోలెడు కాళ్ళున్న చిప్పు దగ్గర కలిసేవి. నడిమి కన్ను మీద లేజర్ పడిందా, దీపం వెలిగి బజర్ మోగి అంకె మారుతుంది. సోల్డరింగ్ చేస్తుంటే లేచే పొగను పీల్చి, "సాంబ్రాణి ఏస్తున్నావా ఏందే?" అని పెద్దమ్మ వంటింట్లోంచి అడిగేది. ఆ ఇంట్లో నా పని గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే. బీరువా తాళం కోసం ల్యాబ్ ఇన్‌చార్జి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెప్పుకుంటే నాకే సిగ్గు. ఆఖరికి మా పెదనాన్న పేరు చెప్తే ఇచ్చాడు. ఆ పేరు వాడుకోవాల్సి వచ్చినందుకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఆట నడిచింది. కాలేజీలో దాన్ని చూసిన ఒక బయటి ఎగ్జామినర్, హైదరాబాద్‌లో మీటర్లు తయారుచేసే తన స్నేహితుడి చిన్న కంపెనీకి నా గురించి చెప్పాడు. దసరా వెళ్ళాక వచ్చి చేరమని వాళ్ళు కబురు పెట్టారు. నాకు ఆ ఇంట్లోంచి, ఆ అరుగు ముందు నుంచి బయటపడే దారి అదొక్కటే కనపడింది. సంగతి అరుగు మీదకు వెళ్ళింది. పెదనాన్న చుట్ట నుసి దులిపి, "మహర్నవమి నాడు ఆయుధపూజకి ఊరోళ్ళంతా వస్తారు. నలుగురి ముందూ నడిపి చూపియ్యి. తొలిదెబ్బ నేను కొడతా. నడిస్తే పంపిస్తా, నడవకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తబాక" అన్నాడు. మా నాన్న తలూపాడు.

మర్నాడు అంకమ్మరావు పశువుల చావిడి దగ్గర నన్ను ఆపాడు.

"అమ్మాయ్ రమా, నీ మంచికే చెబుతున్నా. అయ్య ఎటు కొట్టినా దీపం వెలిగేట్టు పెట్టు. నీకు తెల్సుగా ఆ కిటుకు."

"తగిల్తే వెలుగుద్ది బాబాయి. ఆయన గురి తప్పదంటావుగా, ఇంక కిటుకెందుకు?"

"గురి తప్పదనుకో. అయినా జాగర్త మంచిదని."

వాడికి పెదనాన్న గురి మీద ఏపాటి నమ్మకముందో నాకు ఆ రోజే తెలిసింది. పందిని ఏటేటా పెంచి పోషించినవాడు! ప్రోగ్రామ్‌లో ఆ మార్పు చెయ్యడం నాకు చిటికెలో పని. ఛీ అనుకుని చెయ్యలేదు.

పండగ పొద్దున ఇల్లంతా మామిడాకులు, బంతిపూలు, కట్టెల పొయ్యి మీద పులిహోర తాలింపు. ట్రాక్టరు, ఆయిల్ ఇంజను, మందు కొట్టే స్ప్రేయరు, తుపాకీ, కత్తిపీట, అన్నిటికీ పెద్దమ్మ పసుపు రాసి బొట్లు పెడుతూ వచ్చింది. వసారాలో నా బోర్డు, చెక్క తుపాకీ కూడా వరసలో పెట్టించారు, అవీ ఆయుధాలే కదా. నన్నేమో తలంటు పోసుకుని పట్టుపరికిణీ కట్టుకురమ్మని తరిమారు. నేను తిరిగొచ్చేసరికి వసారా నిండా జనం. అవతలి పార్టీ వాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి స్తంభాల దగ్గర నిలబడ్డారు. గుమ్మడికాయ కొట్టారు. పెదనాన్న కొత్త కండువా సర్దుకుని, చెక్క తుపాకీ భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి మీట నొక్కాడు.

ఏమీ జరగలేదు.

ఎర్రచుక్క నేను కళ్ళారా చూశాను. సరిగ్గా నడిమధ్యన పడింది. ఆ మనిషి గొప్పలన్నిటిలోకీ గురి ఒక్కటే నిజమని నాకు అప్పుడే తెలిసింది. కానీ దీపం వెలగలేదు, బజర్ మోగలేదు, డబ్బాలో సున్నా సున్నాలాగే ఉంది. అప్పుడు అంకమ్మరావు చేతులెత్తి అరిచాడు.

"వెలిగింది! వెలిగిందయ్యా, తొలిదెబ్బకే!"

"ఆ, వెలిగింది, నేనూ చూశా" అన్నాడు పక్కనోడు. "చప్పుడు గూడా అయిందిగా" అన్నాడు ఇంకోడు, చెవులు సరిగ్గా వినపడని మనిషి. వసారా అంతా చప్పట్లు. మా నాన్న కూడా కొట్టాడు. అవతలి పార్టీ వాళ్ళు మాత్రం మీసాల చాటున నవ్వుకుంటున్నారు.

నేను బోర్డు దగ్గరకు పరిగెత్తాను. నడిమి గొట్టం మూతికి తడిపసుపు మెత్తి, దాని మీద రూపాయి కాసంత కుంకుమ బొట్టు. నడిమధ్యన గుండ్రంగా అంత చక్కటి చోటు కనపడితే పెద్దమ్మ ఇంకెక్కడ పెడుతుంది? కంటికి పసుపుతో బిరడా వేసినట్టయింది. తుడుద్దామని చెయ్యి పెట్టబోతే పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది.

"ఏమే, బుద్ధుందా? పండగపూట పూజ చేసిన బొట్టు తుడుస్తావా? ఇంటికి అరిష్టం."

"దీనివల్లే వెలగలా పెద్దమ్మా. పెదనాన్న గురి సరిగ్గానే తగిలింది. ఇది తీస్తే వెలుగుద్ది, మళ్ళీ ఒక్కసారి కొట్టమను."

"మళ్ళీ ఎందుకమ్మా?" అంకమ్మరావు మధ్యలోకి వచ్చాడు. "ఇందాక వెలిగిందిగా!"

వాడి బాధ నాకు అర్థమైంది. ఇప్పుడు నిజంగా వెలిగితే ఇందాక వెలగనట్టు. అక్కడున్న అందరి నోళ్ళూ ఒక్కసారే అబద్ధమైపోతాయి. పెదనాన్న నన్ను చూశాడు, బొట్టును చూశాడు, స్తంభాల దగ్గర నవ్వుతున్న వాళ్ళను చూశాడు. నిజంగా తగిలించిన మనిషి, బొట్టు తీయించి ఇంకొక్కసారి మీట నొక్కితే అందరి నోళ్ళూ మూతపడేవి. నొక్కలేదు. తుపాకీ కిందకు దించి నిదానంగా అడిగాడు.

"నువ్వు చెప్పు రమా. వెలిగితే నీ మెషిన్ నడిచినట్టు, నువ్వు హైదరాబాద్ పోతావు. వెలగలేదంటే నడవనట్టు, ఇంట్లో కూచుంటావు. వెలిగిందా, వెలగలేదా?"

అంకమ్మరావు నా వైపు కళ్ళతో బతిమాలుతున్నాడు. పెద్దమ్మ నా మణికట్టు వదల్లేదు. ఒక్క మాట, అవునంటే చాలు, బస్సెక్కేదాన్ని. కానీ నేను కళ్ళు మండేలా కూర్చుని చేసిన వస్తువు నా ఎదురుగా సున్నా చూపిస్తోంది. అది అబద్ధం చెప్పలేదు, దాని తరఫున నేనెందుకు చెప్పాలి?

"వెలగలేదు పెదనాన్నా" అన్నాను.

"విన్నారుగా" అని ఆయన కండువా దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తన దెబ్బకు వెలిగింది, నా మెషిన్ మాత్రం నడవలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయని ఆ వసారాలో ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ కూర్చుని పులిహోర తిన్నారు.

దసరా వెళ్ళింది, కంపెనీ వాళ్ళు చెప్పిన రోజూ వెళ్ళింది. నేను ఇంట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తూ, అరుగు మీదకు కాఫీలు మోస్తూ ఉన్నాను. పెదనాన్న నాతో మాట్లాడటం మానేశాడు, ఆయన మానేశాడు కాబట్టి మా నాన్నా మానేశాడు. అంకమ్మరావు మాత్రం వచ్చిన ప్రతివాడికీ తొలిదెబ్బ కథ చెప్పేవాడు. వినేవాళ్ళ ఎదుటే కాఫీ గ్లాసులు పెట్టి వచ్చేదాన్ని. ఆ గ్లాసుల్లో ఏదన్నా కలపాలన్నంత కోపం వచ్చేది, దాచడమెందుకు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆడవాళ్ళంతా శివాలయానికి వెళ్ళారు. మగవాళ్ళు చేలల్లో ఉన్నారు. నేను దొడ్లో బట్టలు ఆరేస్తుంటే వసారాలోంచి బజర్ వినపడింది. ఆగి, మళ్ళీ. వెళ్ళి తలుపు చాటున నిలబడ్డాను. పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. బోర్డు నడిమి గొట్టానికి ఉన్న పసుపు ఎండి, పెచ్చులా ఊడి కింద పడింది. ఆయన చెక్క తుపాకీతో కొడుతున్నాడు. దీపం వెలిగేది, బజర్ మోగేది, ఆయన ఒక అడుగు వెనక్కి జరిగి మళ్ళీ కొట్టేవాడు. ఒక్కటి తప్పలేదు. చూసేవాళ్ళు లేరు, చప్పట్లు లేవు. ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి గోడకు ఆనుకుని నిలబడి నన్ను చూశాడు.

"వెలుగుద్దేందే ఇప్పుడు?"

"అప్పుడూ వెలిగేదే పెదనాన్నా. బొట్టు అడ్డం."

వంగి కింద పడ్డ పెచ్చును చేతిలోకి తీసుకున్నాడు. "నేను కొట్టింది తగిలిందా ఆ రోజు?"

"తగిలింది. నేను చూశా."

ఆయన్ను చూస్తే పాపమనిపించింది, వెంటనే ఒళ్ళుమండింది కూడా. ఆ ఊళ్ళో ఆ ముక్క ఆయన నమ్మేట్టు చెప్పగలిగింది, వెలగలేదన్న నేనొక్కదాన్నే. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎవడు చెప్పినా ఆయన నమ్మలేడు. తుపాకీ జాగ్రత్తగా గోడకు చేర్చి, "ఎవరికీ చెప్పబాక" అన్నాడు. ఇప్పుడు వెలిగిందని తెలిస్తే అప్పుడు వెలగలేదని తెలుస్తుంది, అదీ ఆయన భయం. వంద పందులను పడగొట్టగల గురి ఉండి కూడా అంకమ్మరావు అబద్ధం కింద దాక్కోవాల్సి వచ్చింది. ఇంట్లోకి వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి, "సోమవారం బస్సుకి పో. మీ నాయనకు నే చెబుతా" అన్నాడు.

కంపెనీలో చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ పనికి మగపిల్లలెవరూ నిలబడలేదట. అట్లా బయటపడ్డాను. పెదనాన్న పోయినప్పుడు ఊరికి వెళ్తే, పదోరోజు భోజనాల దగ్గర ముసలి అంకమ్మరావు తొలిదెబ్బ కథ చెప్తున్నాడు. ఈసారి దీపం వెలుగు వీధి చివరిదాకా కనపడిందట. నేను నోరు మెదపలేదు. చెప్పొద్దన్న మనిషి ఫొటో అక్కడే దండేసి ఉంది.

స్కూలు హాల్లో నాయకుడు వెళ్ళిపోయాక ముఖ్య అతిథిగా నన్ను కొట్టమన్నారు. బోర్డు తయారుచేసిన ఫిజిక్స్ మాస్టారు, ఇరవై అయిదేళ్ళు కూడా ఉండవు, తుపాకీ అందిస్తూ నా చెవిలో, "భయం లేదు మేడమ్, ఎటైనా కొట్టండి, వీఐపీ మోడ్‌లో ఉంది" అన్నాడు. ఏమిటని అడిగితే బోర్డు వెనక ఉన్న చిన్న స్విచ్ చూపించాడు. అది వేసి ఉంటే తుపాకీ ఎటు తిప్పి కొట్టినా నడిమి దీపమే వెలుగుతుందట. కరస్పాండెంటు గారు ప్రత్యేకంగా పెట్టించారట. చెబుతున్నప్పుడు అతని ముఖంలో సిగ్గు వెతికాను, కనపడలేదు. అంకమ్మరావు నన్ను చావిడి దగ్గర ఆపి అడిగిన కిటుకు ఇదే. నేను ఛీ అన్నదానికి వీళ్ళు ముద్దుగా పేరు కూడా పెట్టుకున్నారు. అనుమానం కొద్దీ వేదిక వెనక కట్టిన ఇంకో ఫ్లెక్సీలోని నాయకుడి బొమ్మకే గురిపెట్టి మీట నొక్కాను. అవతల బోర్డు మీద దీపం వెలిగింది. చప్పట్లు.

మా వసారాలో అబద్ధానికి కనీసం నోళ్ళు కావలసి వచ్చాయి, నోరున్నవాడికి లోపల ఎక్కడో గుచ్చుకునేది కూడా. అంకమ్మరావు కళ్ళల్లో ఆ బతిమాలడం నేను చూశాను. మెషిన్ మాత్రం సున్నా అనేది. ఇప్పుడు మెషిన్‌కే నేర్పారు, మనుషులకు శ్రమ తప్పింది. మా పెదనాన్న పిరికివాడే కావచ్చు. కానీ తగిలిందో లేదో తెలుసుకోకపోతే ఉండలేక ఎవరూ లేనప్పుడు వచ్చి కొట్టి చూసుకున్నాడు. ఈ హాల్లో ఆ దురద ఎవరికీ లేదు.

స్విచ్ తీసెయ్యమన్నాను. మాస్టారు బిత్తరపోయి కరస్పాండెంటు వైపు చూసి, నా ముఖం చూసి తీసేశాడు. తుపాకీ ఎత్తి, ఒక కన్ను మూసి, నడిమి దీపానికే గురిపెట్టాను. ఈ మధ్య చెయ్యి కొద్దిగా వణుకుతోంది. నొక్కాను. ఎర్రచుక్క బోర్డు దాటి గోడ మీద పడింది. దీపం లేదు, బజర్ లేదు, డబ్బాలో సున్నా.

"మేడమ్ గారు మళ్ళీ తగిలించారు!" మైకు పట్టుకున్న కుర్రాడు అరిచాడు. హాలంతా చప్పట్లు.

వాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను. "తగల్లేదు" అన్నాను. "సున్నా వచ్చింది, చూడండి."

మైకు వెనక్కి తీసుకుని ఆ కుర్రాడు, "చూశారా పిల్లలూ, ఎంత ఎదిగినా మేడమ్ గారిలో ఎంత వినయమో!" అన్నాడు. ఇందాకటికన్నా గట్టిగా చప్పట్లు. కరస్పాండెంటు నవ్వుతూ వేదిక మీదకు వచ్చాడు. అదే మాట అన్నందుకు అప్పుడు ఇంట్లో కూర్చోబెట్టారు. ఇప్పుడు శాలువా కప్పారు.